గేటు లోపలి ఊరు, గేటు బయటి ఊరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: హాస్టల్లో ఉన్న పిల్లల్ని చూసిపోదామని వచ్చే పెద్దలకూ, సెలవు దొరికితే బెంగుళూరు బస్సెక్కే పిల్లలకూ రెండు రోజుల దారి

శనివారం పొద్దున మదనపల్లె బస్టాండులో దిగేవాళ్ళ చేతులు చూస్తే చాలు, కొందరు ఎందుకొచ్చారో చెప్పేయొచ్చు. ఒక చేతిలో స్టీలు క్యారియరు, ఇంకో చేతిలో గుడ్డ కట్టిన ఊరగాయ సీసా, చంకలో ఉతికి మడిచిన దుప్పటి. అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుని అంగళ్ళు దగ్గర ఇంజనీరింగు కాలేజీ గేటు ముందు దిగుతారు. విజిటర్స్ బెంచీ మీద కూర్చుని కొడుకు చేత నాలుగు ముద్దలు తినిపిస్తారు, మార్కులూ బ్యాక్‌లాగులూ అడుగుతారు, సాయంత్రం బస్సుకు తిరుగుముఖం పడతారు. కుప్పం మెడికల్ కాలేజీ గేటు దగ్గరా ఇదే వరస. వచ్చిన ఊరు ఏమిటో, అందులో ఏముందో వాళ్ళకు తెలియదు. నాలుగేళ్ళు అక్కడే ఉన్న పిల్లలకూ పెద్దగా తెలియదు. శుక్రవారం సాయంత్రమైతే వాళ్ళ చూపంతా 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగుళూరు మీదే. చదువు ముగిసేనాటికి వాళ్ళకు గుర్తుండే మదనపల్లె అంటే బైపాస్ రోడ్డు, ఒక బిర్యానీ హోటలు, బస్సుల వేళలు.

తప్పంతా పిల్లలది కాదు. ఈ మెరక సీమకు బయటివాళ్ళు వచ్చి గేట్లు కట్టుకోవడం వందేళ్ళ కిందటే మొదలైంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, ఎండాకాలంలోనూ రాత్రి చల్లబడే నేల. ఆ చల్లదనం కోసం తెల్లదొరలు కొండెక్కి బంగళాలు కట్టుకున్నారు. ఆ గాలి కోసం క్షయ వైద్యులు ఆసుపత్రి పెట్టారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు కాలేజీ తెరిచారు. నగరాల రొదకు దూరంగా ఉంటుందని ఒక లోయలో బడి వెలిసింది. మూడు రాష్ట్రాలు కలిసే చోటని కుప్పంలో విశ్వవిద్యాలయం వచ్చింది. ఒక్కోటీ ఒక్కో ప్రహరీ. ప్రహరీ బయట మాత్రం ఊరు తన పని తాను చేసుకుంటూ పోయింది: టమోటా, పట్టు, పాడి, రాయి. ఈ రెండు ఊళ్ళూ పక్కపక్కనే ఉన్నా ఒకదాని సంగతి ఒకదానికి పట్టదు. రెండు రోజుల సెలవును రెండిటికీ పంచితేనే ఇక్కడికి వచ్చినట్టు లెక్క.

పాట ఆగిన చోటు

ముందు గేటు లోపలికి. అనీ బిసెంట్ 1915లో స్థాపించిన బిసెంట్ థియొసాఫికల్ కళాశాలను ఊళ్ళో అందరూ బీటీ కాలేజీ అనే అంటారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చి కొద్ది రోజులు ఉన్నారు. ఆయన రాక కాకతాళీయం కాదు. హోంరూల్ ఉద్యమం రోజుల్లో అనీ బిసెంట్ అడయారులో జాతీయ విశ్వవిద్యాలయం పెట్టారు. దానికి ఛాన్సలర్ ఠాగూరే, మదనపల్లె కాలేజీ దాని గొడుగు కిందిదే. అప్పటి ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి.

కాలేజీలో ఒక సాయంత్రం పాటల సభ జరిగింది. ఠాగూర్ తన బెంగాలీ పాట ‘జనగణమన’ పాడారు. విన్నవాళ్ళు ఊగిపోయారు. మార్గరెట్ కజిన్స్ ఆ వరసను స్వరలిపిలోకి ఎక్కించారు. పాట అర్థం అందరికీ తెలియాలని ఠాగూర్ స్వయంగా ఇంగ్లీషులోకి మార్చి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి, చేతిరాతతో రాసి ఇచ్చారు. దాని మీది తేదీ 1919 ఫిబ్రవరి 28.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. జాతీయ గీతం మదనపల్లెలోనే పుట్టిందని ఊరి మీది అభిమానంతో అనేవాళ్ళున్నారు. అది నిజం కాదు. పాటనూ బాణీనీ ఠాగూర్ ముందే కట్టారు, 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడించారు కూడా. మదనపల్లెకు దక్కింది ఇంగ్లీషు అనువాదం, స్వరలిపి. నన్నడిగితే అదేమీ తక్కువ గౌరవం కాదు. బెంగాలీ రాని ఊళ్ళో, రాయలసీమ కుర్రాళ్ళ ముందు పాడితే ఆ పాట నిలబడింది. బెంగాల్ దాటి కూడా బతకగలదని ఇక్కడ రుజువైంది. ఆ స్వరలిపి రాసిన మార్గరెట్ కజిన్స్ 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటుకు ముందు నిలిచారు. ఇన్ని సంగతులున్న ఆవరణలోకి వెళ్ళేటప్పుడు అది ఇంకా నడుస్తున్న కాలేజీ అని మరవకండి. ఆఫీసులో అడిగి, తరగతులకు అడ్డం రాకుండా చూసి రండి. ఆదివారమైతే గేటు బయట నుంచే చూసి సరిపెట్టుకోవాల్సి రావచ్చు, అందుకే దీన్ని శనివారానికి పెట్టుకోండి.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో పుట్టింది ఈ ఊళ్ళోనే. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆయన పుట్టిన ఇల్లు పాత ఊళ్ళో ఇరుకు వీధిలో ఉంది. మహాపురుషుడి జన్మస్థలం చూడబోతున్నామని ఊహించుకుని వెళితే ఆ ఇంటి చిన్నతనం చూసి ఆశ్చర్యపోతారు.

పొద్దున్నే టమోటా, మాపటేలకు పట్టు

ఇక గేటు లేని ఊరు. నీరుగట్టువారిపల్లెకు పొద్దున్నే వెళ్ళండి. టమోటా మార్కెట్టు అక్కడే. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటని దీనికి పేరు. ఎర్రటి ట్రేలు మనిషి ఎత్తున పేర్చి ఉంటాయి. మధ్యలో ఒక మనిషి పట్టే సందు. వేలం పాడేవాడు ఆ సందుల్లో నడుస్తూ పాడతాడు, వెనకే వ్యాపారుల గుంపు, వాళ్ళ వెనక సరుకు తెచ్చిన రైతు. పాట ముగిసేలోపు రైతు ముఖం చూస్తే ధర తెలిసిపోతుంది. హమాలీలు తల మీద ట్రేతో పరుగు మీద ఉంటారు, ఫోటోల కోసం దారికి అడ్డం నిలబడకండి.

ఇంత పంట ఇక్కడే ఎందుకంటే సమాధానం మళ్ళీ ఆ చల్లగాలే. ఎండాకాలంలో రాత్రిళ్ళు కూడా వేడిగా ఉండే చోట టమోటా పూత నిలవదు, రాలిపోతుంది. ఈ మెరక మీద రాత్రి చల్లబడుతుంది కనుక పూత కాయ కడుతుంది. మిగతా చోట్ల టమోటా కరువైన నెలల్లో మదనపల్లె, పక్కన కర్ణాటకలోని కోలారు చాలా రాష్ట్రాలకు కూర ఉడికిస్తాయి. తెల్లదొరను కొండెక్కించిన గాలే రైతును టమోటాలోకి దింపింది. తేడా ఒక్కటే, దొరకు నష్టం లేదు. 2023 జూలైలో ఇదే మార్కెట్టులో మేలురకం కిలో 200 రూపాయల అంచుకు పోయింది. అదే రైతు ఇంకో ఏడు కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసి పోయినవాడే. హాస్టల్ మెస్సులో రసం పలచగా ఉందని గొణిగే కుర్రాడికి, ఆ రసం లెక్క తేలేది తన గదికి పక్కనే అని ఎవరూ చెప్పలేదు.

మార్కెట్టు నుంచి వీధుల్లోకి తిరిగితే మగ్గాల చప్పుడు వినబడుతుంది. నీరుగట్టువారిపల్లె పట్టుచీరల ఊరు కూడా. ఈ చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ తోటలున్నాయి, పట్టుపురుగులు పెంచే ఇళ్ళున్నాయి. చీర కొనే ఉద్దేశం ఉంటే పెద్ద షోరూములకు పోవద్దు. మగ్గం ఉన్న ఇంటి ముందు ఆగి అడగండి. నేత పనిలో ఉన్నవాళ్ళకు మాట్లాడే తీరిక తక్కువ, అయినా పడుగూ పేకా చూపించడానికి కాదనరు. అమ్మానాన్నలు కూతుర్ని హాస్టల్లో చూసొచ్చి, సాయంత్రం మగ్గం దగ్గర ఆమె పెళ్ళి చీర సంగతి మాట్లాడుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. కూతురికే కొత్త.

ఇంకో గేటు ఆరోగ్యవరం. 1912లో మదనపల్లెలో మొదలై, 1915 నుంచి ఊరి బయట కుదురుకున్న యూనియన్ మిషన్ క్షయ శానటోరియం అది. మొదటి సూపరింటెండెంటు డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. క్షయకు మందే లేని కాలమది. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం, ఇదే చికిత్స. దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చి నెలల తరబడి ఇక్కడి వరండాల్లో పడుకున్నారు. 1948లో బీసీజీ టీకాను మన దేశంలో మొదట వేసి చూసింది కూడా మదనపల్లెలోనే. మీ భుజం మీది ఆ చిన్న మచ్చకు ఈ ఊరితో చుట్టరికం ఉంది. ఇప్పటికీ అది నడుస్తున్న ఆసుపత్రి, కనుక విహారయాత్రలా లోపల తిరగాలనుకోకండి.

కొండా, లోయా

హార్స్‌లీ హిల్స్ గురించి క్లుప్తంగా చెబుతాను, అందరూ అక్కడికే పోతారు కనుక. మదనపల్లెకు 30 కిలోమీటర్ల లోపు, 1,265 మీటర్ల ఎత్తు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల తోడు పెరిగిన మల్లమ్మ అనే పిల్ల కొండ మీది జనానికి మందూమాకూ ఇచ్చి కాపాడిందనీ, ఒకనాడు కనబడకుండా పోయిందనీ కథ. ఆమెకు గుడి ఉంది. తర్వాత కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్‌లీ వచ్చి వేసవి బంగళా కట్టుకున్నాడు, కొండకు ఆయన పేరు అంటుకుంది. చిత్తూరు కొండ మీద కడప కలెక్టరుకేం పని అంటే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప కిందే ఉండేది. ఈమధ్య జిల్లాల గీతలు మళ్ళీ కదిలాయి, ఊరివాళ్ళు అలవాటు పడ్డారు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం కొండెక్కకండి. ఘాట్ రోడ్డు మీద బెంగుళూరు కార్లు బారులు తీరి ఉంటాయి. తెల్లవారకముందే ఎక్కి గాలిబండ మీద నిలబడండి. ఆ పేరు ఉత్తినే రాలేదు, కండువా ఉంటే గట్టిగా పట్టుకోవాలి. 1859లో నాటారని చెప్పే ‘కళ్యాణి’ అనే నీలగిరి చెట్టును చూసి, టిఫిన్ల వేళకు దిగిపోతే కొండ మీకు దక్కినట్టే.

కొండకు ఈ పక్క లోయలో రిషివ్యాలీ ఉంది. కృష్ణమూర్తి తన బడికి ఈ చోటు ఎంచుకున్నది 1920లలో. అప్పుడిది బోడి నేల. నీటిని నిలబెట్టి, చెట్లు నాటి, దశాబ్దాలపాటు కాపాడితే ఇప్పటి పచ్చదనం వచ్చింది. 1991లో లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణాదిలో ఇలాంటి రాతి గుట్టల మీద తప్ప కనబడదు, ఇక్కడ కనబడుతుంది. పేరున్న రెసిడెన్షియల్ బడి కాబట్టి బయటివాళ్ళ దృష్టంతా దాని మీదే. నాకు మాత్రం పక్కనున్న దాని గ్రామీణ విద్యా కేంద్రమే పెద్ద పనిగా తోస్తుంది. ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలు, ఒకే అయ్యవారు ఉండే పల్లె బడి కోసం పాఠాలను కార్డులుగా విడగొట్టిన పద్ధతి అక్కడ తయారైంది. ఒక్కో పిల్ల తన వేగంతో తాను మెట్లెక్కుతుంది. ఆ పద్ధతి వేరే రాష్ట్రాల సర్కారు బళ్ళకూ పాకింది. లోపలికి వెళ్ళాలంటే ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. చెప్పాపెట్టకుండా కారు తీసుకుని గేటు దగ్గర వాదన పెట్టుకునేవాళ్ళలో మీరు ఒకరు కాకండి.

పుంగనూరులో పుంగనూరు ఆవు

మదనపల్లె నుంచి పుంగనూరు గంట లోపు. వచ్చేవాళ్ళందరూ మొదట అడిగేది ఆవు ఏదీ అని. రోడ్డు మీద అది కనబడదని ముందే చెప్పడం మంచిది. వీధుల్లో, పాల కేంద్రాల దగ్గర మీకు కనబడేవి జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర జాతులు. చెంబెడు పాలిచ్చే పొట్టి ఆవును బిందెడు పాలిచ్చే సీమావు వెనక్కి నెట్టేసింది. పాడి మీద బతికే రైతును అందుకు నిందించలేం.

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మేత తక్కువ తింటుంది, కరువును ఓర్చుకుంటుంది, పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని చెబుతారు. వాన నమ్మకం లేని నేలలో చిన్న రైతు కోసం తయారైన పశువిది. అంతరించిపోయే దశకు చేరాక పాలమనేరు పశు పరిశోధనా కేంద్రం దీన్ని కాపాడే పని చేపట్టింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక గిరాకీ ఆకాశానికంటింది. ఇప్పుడు నగరాల్లో సోఫా పక్కన నిలబెట్టి రీల్స్ తీస్తున్నారు. చెనిక్కాయ పొట్టు తిని మెట్టచేలో తిరగాల్సిన జీవానికి ఈ ముద్దు ఎంత మేలు చేస్తుందో నాకు అనుమానమే. చూడాలని ఉంటే పాలమనేరు కేంద్రానికి ముందే ఫోన్ చేసి, పనిదినం చూసుకుని వెళ్ళండి.

పుంగనూరులో జమీందార్ల కోట ఉంది, పాతబడి పోయింది. ఏటా మార్చిలో సుగుటూరు గంగమ్మ జాతరకు మాత్రం ఆ చోటు మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. ఆ దారిలోనే చౌడేపల్లె మండలంలో బోయకొండ గంగమ్మ. కొండ ప్రాంతపు బోయల మీదికి గోల్కొండ నవాబు సేనలు వచ్చినప్పుడు అమ్మవారు అడ్డం నిలిచిందని స్థలకథ. ఇక్కడ పూలు అడగడం పెద్ద నమ్మకం. అమ్మవారి మీద పూలు పెట్టి మనసులో మాట అడుగుతారు. కుడివైపు పూవు రాలితే పని అయినట్టే. పెళ్ళి, ఇల్లు, బోరుబావి, ఈమధ్య వీసా కూడా అడుగుతున్నారు. ఆదివారం వేటలు, కోళ్ళు, కొండ కింద పొయ్యిలు, చుట్టాలతో నిండిన ట్రాక్టర్లు. మాంసం గిట్టనివాళ్ళు ఇంకో రోజు చూసుకోండి.

తిండి మాట ఇక్కడే చెప్పేస్తాను. సంగటి, నాటుకోడి పులుసు ఎక్కడైనా దొరుకుతాయి. చలికాలంలో వస్తే మాత్రం అనపకాయలు వదలొద్దు. గింజల్ని నానబెట్టి, వేళ్ళతో పితికి పొట్టు తీస్తే అది పితికిపప్పు. సంగటి ముద్దలో గుంత చేసి ఆ కూర పోసుకుంటే ఇంకేం అడగరు. హోటళ్ళలో అరుదుగా దొరుకుతుంది, పితకడానికి ఇంటిల్లిపాదీ కూర్చోవాలి మరి. హాస్టల్లో మీ పిల్లవాడికి ఈ ఊరి స్నేహితుడు ఒకడుంటే, ఆ స్నేహం విలువ డిసెంబరులో తెలుస్తుంది.

మూడు భాషల కుప్పం

పాలమనేరు దాటి వి.కోట మీదుగా కుప్పం వైపు సాగితే అడవి మొదలవుతుంది. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఇది. ఆంధ్రలో రెండు వందల ఏళ్ళుగా ఏనుగు లేదనుకుంటుంటే, 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి గుంపులు దిగాయి, ఇక్కడే ఉండిపోయాయి. చెరకు, అరటి, రాగి చేలున్న రైతుకు అది పండగ కాదు. రాత్రంతా మంచె మీద కూర్చుని డప్పులూ టపాకాయలూ పట్టుకుని కాపలా కాయాలి. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను, అంటే అడవి ఏనుగులను అదుపు చేయడానికి శిక్షణ పొందిన ఏనుగులను అప్పగించింది, పాలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. అడవి ఏనుగును చూద్దామని మాత్రం చీకటి పడ్డాక ఈ రోడ్డు మీద బండి ఆపకండి.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళంతో పాటు తుళు లాంటి భాషలనూ ఒక చోట చదవాలన్నది ఆలోచన. గుట్టల మధ్య పెద్ద ఆవరణ, చెట్ల నీడలు, సాయంత్రం నడకకు బాగుంటుంది. కాని ఈ భాషల కలయికను ప్రహరీ లోపల వెతకడం కంటే సంతలో వింటే బాగా తెలుస్తుంది. ఆకుకూరలమ్మి తమిళంలో బేరం మొదలెట్టి, కన్నడం వాడికి కన్నడంలో జవాబు చెప్పి, చిల్లర తెలుగులో లెక్కపెడుతుంది. ఆమెకు అది మూడు భాషలన్న ధ్యాసే ఉండదు. ఇక్కడ ‘ఏమప్పా’ అంటే ఎవరైనా తిరిగి చూస్తారు.

ఊరి చుట్టూ క్వారీలు. ‘కుప్పం గ్రీన్’ పేరుతో ఇక్కడి గ్రానైటు చాలా దూరం పోతుంది. ఎవరింటి వంటగట్టు మీదో చెయ్యి ఆనిస్తే అది కుప్పం కొండ అయి ఉండొచ్చు. శ్రీశైలం వెనకనీటి నుంచి బయలుదేరిన హంద్రీ-నీవా కాలువ కృష్ణ నీళ్ళను 2025 ఆగస్టులో కుప్పం దాకా తెచ్చింది. రాష్ట్రపు కొసన ఉన్న ఊరికి అది చిన్న సంగతి కాదు. కొత్తగా వచ్చేవాళ్ళకు చెరువు చూపించి ‘ఇది కృష్ణమ్మ’ అని చెప్పేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు.

ఎండాకాలంలో వస్తే ఇంకో మంచి వేడుక ఉంది. పాత చిత్తూరు జిల్లా అంతటా ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, ఇలా రోజుల తరబడి. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఎత్తైన తపసుమాను ఎక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయల కోసం, విబూది కోసం పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు కింద తడిబట్టలతో సాగిలపడతారు. చివరి రోజు దుర్యోధన వధ. ఆరుబయట మట్టితో మనిషిని మించి ఎన్నో రెట్లు పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి ఉంచుతారు. భీముడి వేషం దాని చుట్టూ తిరిగి తిరిగి తొడ మీద గదతో కొడుతుంది, ద్రౌపది జుట్టు ముడుస్తుంది, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. దీనికి టిక్కెట్టు లేదు, అనుమతి లేదు. ఏ పల్లెలో ఏ రోజో వాల్‌పోస్టరు చూసి తెలుసుకోవాలి, లేదా టీ అంగడిలో అడగాలి. వధ రోజు ఆ దారిన బస్సులు వేళకు రావు. సోమవారం ఇంటర్నల్స్ ఉన్న పిల్లలకు ఈ సంగతి ముందుగా చెప్పకండి.